స్వర్ణముఖి లెక్క ఎవరి దగ్గరుంది?

తిరుపతిలో పేటల పేర్లు వరసగా చదివితే చాలు, పాత నీటి పటం ఒకటి తయారవుతుంది. తాతయ్యగుంట, గొల్లవానిగుంట, కొరమేనుగుంట, చెన్నాయగుంట, తుమ్మలగుంట. ఒకప్పుడు కొరమేను చేపలు ఈదిన చోట ఇప్పుడు ఇళ్ళూ అంగళ్ళూ ఉన్నాయి. 2021 నవంబర్ 18న శేషాచలం మీద కుండపోతగా కురిసిన వాన మాత్రం పాత దారులే పట్టుకొని దిగింది. కపిలతీర్థం దగ్గర జలపాతం ఉగ్రరూపం ఎత్తింది. పల్లపు పేటల్లో ఇళ్ళలోకి నీళ్ళు చేరాయి. శ్రీవారి మెట్టు కాలిబాట దెబ్బతిని నెలల తరబడి మూతపడింది. కల్యాణి డ్యామ్ గేట్లు ఎత్తారు, స్వర్ణముఖి ఒడ్లు ఒరుసుకొని పారింది. మూడు రోజులు తిరక్కముందే రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్టకు లీకు పడిందన్న కబురు వచ్చి, కట్ట కింది పల్లెల్ని ఖాళీ చేయించారు.

అదే కల్యాణి డ్యామ్ అడుగు కనిపించిన ఎండాకాలాలు కూడా ఈ ఊరికి బాగా తెలుసు. ఒకే కొండ, ఒకే ఏరు, అవే పల్లెలు. నీళ్ళు లేక ఒక ఏడు, నీళ్ళు ఆపలేక ఒక ఏడు. రెండు సందర్భాల్లోనూ జనం ఒకే ప్రశ్న అడిగారు: ఈ ఏటికి జవాబుదారీ ఎవరు?

స్వర్ణముఖి పెద్ద నది కాదు. పాత పేరు మొగలేరు. పాకాల వైపు కొండల్లో పుట్టి, చంద్రగిరి, తిరుపతి పక్కగా సాగి, శ్రీకాళహస్తి గుడిని ఒరుసుకొని, నాయుడుపేట మీదుగా సముద్రం చేరేసరికి దాని నడక దాదాపు 130 కిలోమీటర్లు. ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుక మేటగానే కనిపిస్తుంది. ఈశాన్య రుతుపవనాల్లో కొన్ని రోజులు మాత్రం తన పూర్తి వెడల్పు చూపిస్తుంది. చూసేవాళ్ళకు ఎండిన ఏరే కానీ, ఇసుక కింద ఊట పారుతూ ఉంటుంది. ఆ ఊట మీద ఆధారపడే వెనకటి రైతులు ఏటిలో ఊటకాలువలు తవ్వి కయ్యలు పండించారు.

ఈ లోయలో పడే ఒక వాన చినుకు ఎన్ని కార్యాలయాల గడప దాటుతుందో చూస్తే పాలన చిక్కు అర్థమవుతుంది. చినుకు కొండ మీద పడితే అది అటవీశాఖ భూమి. శేషాచలం 2010లో జీవావరణ రక్షిత ప్రాంతమైంది, 4,755 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. ఆ నీళ్ళు తిరుమలలో గోగర్భం, పాపవినాశనం, కుమారధార, పసుపుధార జలాశయాల్లోకి వస్తే టీటీడీ ఆధీనం. రోజూ అరవై డెబ్బై వేల మంది యాత్రికుల దాహం తీరేది ప్రధానంగా వాటితోనే. కొండ దిగి వంకలో కలిస్తే రెవెన్యూ రికార్డుల్లో వంక పోరంబోకు. చెరువులో చేరితే జలవనరుల శాఖ. నగరం మధ్య కాలువలో పడితే కార్పొరేషన్. ఆ కాలువ పక్కన లేఅవుట్‌కు అనుమతి ఇచ్చేది తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ, తుడా. ఏటి ఇసుకలో ఇంకితే ఇసుక గనులశాఖది, ఇంకిన నీటిని కొలిచేది భూగర్భజల శాఖ. దాన్ని పైకి లాగే బోరు రైతుది, ఆ బోరును నడిపే కరెంటు ఎస్పీడీసీఎల్‌ది. ఆ సంస్థ ప్రధాన కార్యాలయం కూడా తిరుపతిలోనే ఉంది.

ఇందులో ఏ ఒక్కరి పనీ అనవసరమైనది కాదు. ఎవరి చట్టం వారికుంది, ఎవరి లెక్క వారు రాస్తున్నారు. కొండ నుంచి కడలి దాకా ఏటి మొత్తం లెక్క రాసే చేయి మాత్రం లేదు.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు కొత్తగా ఏర్పడినప్పుడు ఈ విషయంలో కొంత ఆశ కలిగింది. అంతకు ముందు స్వర్ణముఖి పై భాగం చిత్తూరు జిల్లాలో, కింది భాగం నెల్లూరు జిల్లాలో ఉండేవి. పైన వరద వదిలేది ఒక కలెక్టర్ పరిధి, కింద వరద అందుకునేది ఇంకొకరి పరిధి. తిరుపతి జిల్లా ఏర్పాటుతో ఏటి పరివాహకంలో చాలా భాగం ఒకే గొడుగు కిందికి వచ్చింది. కానీ శాఖల గోడలు జిల్లా సరిహద్దుల కంటే ఎత్తయినవి. జిల్లా ఒకటైనా ఏటికి సంబంధించిన ఫైళ్ళు ఇప్పటికీ పది అల్మారాల్లోనే ఉన్నాయి.

పూర్వం అంతా బాగుండేదని చెప్పుకోవడం మనకు అలవాటు. ఆ మాట సగమే నిజం. అయినా ఆ సగంలో నేర్చుకోదగ్గది చాలా ఉంది. అమెరికా చరిత్రకారుడు బర్టన్ స్టైన్ తిరుమల శాసనాలు చదివి 1960లో ఒక వ్యాసం ప్రచురించాడు. విజయనగర కాలంలో దాతలు స్వామికి సమర్పించిన సొమ్మును గుడి ఊరికే దాచిపెట్టలేదని, తన గ్రామాల్లో చెరువులు, కాలువలు తవ్వించడానికి ఖర్చుపెట్టిందని ఆయన చూపించాడు. నీరు పారి పంట పెరిగేది. పెరిగిన పంటలోంచి దాత పేరిట నైవేద్యం జరిగేది. ఆ ప్రసాదంలో దాతకు వాటా వచ్చేది. భక్తుడి ముడుపు, గ్రామం చెరువు, రైతు పంట, దేవుడి నైవేద్యం ఒకే గొలుసులో ఉండేవి. చెరువు చెడితే నైవేద్యం ఆగుతుంది కాబట్టి చెరువును కాపాడాల్సిన అవసరం గుడికీ ఉండేది. నేడు అంత పెద్ద దేవస్థానం ఉన్న లోయలో ఆ బంధం గుర్తుచేయడం అవసరం.

గుడి గ్రామాల బయట వేరే ఏర్పాట్లు ఉండేవి. చెరువు కట్టినవారికో, కట్టను కాపాడేవారికో ఆయకట్టులో కొంత భూమిని పన్ను తగ్గించి ఇచ్చే దశబంధం ఇనాములు చిత్తూరు, కడప సీమల్లో విరివిగా ఉండేవి. కాలువ పూడిక తీయడానికి ఊరంతా ఒళ్ళు వంచే కుడిమరామత్తు ఉండేది. తూము తెరిచి మడిమడికీ నీళ్ళు కట్టే నీరుగంటి ఉండేవాడు. పై చెరువు మొరవ పోతే కింది చెరువు నిండే గొలుసుకట్టు ఈ నేల ప్రత్యేకత. మొరవ ఎత్తును జానెడు పెంచినా కింది ఊరు ఊరుకునేది కాదు. అయితే నీరుగంటి పని చాలాచోట్ల దళితులు చేశారు. వాళ్ళకు పనిలో చోటుంది, పంచాయతీలో మాట లేదు. కాళహస్తి, కార్వేటినగరం, పుంగనూరు జమీందారీల్లో నీటి తగవు తీర్చేది ఎవరో, తీర్పు ఎటు మొగ్గేదో చెప్పనక్కర్లేదు. కాబట్టి పాత ఏర్పాటును యథాతథంగా తిరిగి తేవాలనడం న్యాయం కాదు. పై చెరువు కింది చెరువుకు బాకీ ఉంటుందన్న ఎరుక మాత్రం తిరిగి రావాలి.

జమీందారీలు పోయాయి, ఇనాములు రద్దయ్యాయి. వాటి స్థానంలో వచ్చిన ప్రభుత్వం చెరువుల్ని ఆయకట్టు కొలతతో విడదీసింది. నూరెకరాల లోపు ఆయకట్టున్నవి పంచాయతీరాజ్‌కు, పైవి నీటిపారుదల శాఖకు. గొలుసులో పై కుంట ఒకరిది, కింది చెరువు మరొకరిది అయింది. రెండింటి మధ్య ఉన్న కాలువ ఎవరిదీ కాకుండా పోయింది. ఆక్రమణలు మొదలైంది ఎక్కువగా ఆ కాలువల మీదే. చెరువును మాయం చేయడానికి చెరువులో ఇల్లు కట్టనక్కర్లేదు, దానికి నీళ్ళు తెచ్చే వంక మీద కడితే చాలు.

తిరుపతి శివార్లలోని అవిలాల, పేరూరు చెరువుల కథ ఇక్కడే మొదలవుతుంది. 1991, 1994 సంవత్సరాల ప్రభుత్వ ఉత్తర్వులతో పేరూరు చెరువు గర్భంలో 150 ఎకరాలు టీటీడీకి, అవిలాల చెరువు భూమి గృహనిర్మాణ మండలికి ఇళ్ళ కోసం దక్కాయి. పట్టణం పెరుగుతోంది, ఇళ్ళు కావాలి, చెరువులు ఎలాగూ ఎండిపోయి ఉన్నాయి అన్నది ప్రభుత్వ పక్షం వాదన. తిరుపతికి చెందిన ఇంటలెక్చువల్స్ ఫోరం అనే పౌరసంస్థ కోర్టుకు వెళ్ళింది. హైకోర్టులో ఓడింది. సుప్రీంకోర్టుకు వెళ్ళింది.

2006 ఫిబ్రవరి 23న జస్టిస్ రూమా పాల్, జస్టిస్ ఏ.ఆర్. లక్ష్మణన్ ధర్మాసనం ఇచ్చిన తీర్పు దేశంలోని పర్యావరణ న్యాయశాస్త్ర పుస్తకాల్లోకి ఎక్కింది. చెరువు ప్రభుత్వానికి సొంత ఆస్తి కాదని, ప్రభుత్వం ప్రజల తరఫున దాన్ని కాపాడే ధర్మకర్త మాత్రమేనని కోర్టు గుర్తుచేసింది. అందుకోసం అమెరికాలోని మోనో సరస్సు కేసును కూడా ఉదహరించింది. లాస్ ఏంజెలస్ నగరం 1941 నుంచి ఆ సరస్సుకు చేరే వాగుల్ని మళ్ళించుకుంటూ పోతే సరస్సు కుంచించుకుపోయింది. 1983లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ప్రజాధర్మకర్తృత్వ సూత్రం వాడి నగరాన్ని నిలదీసింది. ఎక్కడి మోనో సరస్సు, ఎక్కడి పేరూరు చెరువు! నగరం దాహమూ పల్లె చెరువూ ఎదురెదురుగా నిలబడినప్పుడు రెండు చోట్లా తలెత్తిన ప్రశ్న ఒకటే.

సూత్రం కంటే ఆ తీర్పులోని ఆదేశాలు మరింత చదవదగ్గవి. అప్పటికే కట్టిన ఇళ్ళను కోర్టు కూల్చమనలేదు. ఇకపై కట్టవద్దంది. అవిలాలలో కట్టిన ప్రతి ఇంటికీ పైకప్పు మీది వాననీటిని పట్టి భూమిలోకి పంపే ఏర్పాటు ఉండాలంది, నీటిమట్టం కొలిచే గొట్టపు బావులు పెట్టాలంది. పేరూరు విషయంలో, ఆ చెరువుకు నీరు తెచ్చే బోడెద్దుల వంకను శుభ్రం చేసి పారించాలని, ఆ దారికి అడ్డంగా ఉన్న ఒక చిన్న చెక్‌డ్యామును తీసెయ్యాలని ఆదేశించింది. ఢిల్లీలోని అత్యున్నత న్యాయస్థానం చంద్రగిరి వైపున్న ఒక వంక పేరు చెప్పి, ఒక చెక్‌డ్యామ్ గురించి ఉత్తర్వు ఇవ్వాల్సి రావడమే ఇక్కడి పాలన ఎంత చెదిరి ఉందో చెబుతుంది. ఆ పని మండల స్థాయిలో, నలుగురు అధికారులు, నాలుగు ఊళ్ళ పెద్దలు కూర్చొని ఒక పూటలో తేల్చుకోదగ్గది.

చెక్‌డ్యామును తొలగించమన్న ఆ ఆదేశం చాలామందికి వింతగా తోచవచ్చు. నీటిని ఆపే కట్టడం మంచిదే కదా? వాటర్‌షెడ్ పథకాల మొత్తం చర్చ ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. తెలుగువాడైన ఆర్థికవేత్త సి.హెచ్. హనుమంతరావు అధ్యక్షతన వేసిన కమిటీ 1994లో ఇచ్చిన నివేదికతో 1995 నుంచి దేశమంతటా కొత్త మార్గదర్శకాలు అమలయ్యాయి. సుమారు 500 హెక్టార్లు ఒక యూనిట్, ఊరి జనంతో వాటర్‌షెడ్ సంఘం, కొండ నుంచి కిందికి పనులు. కరువు సీమకు ఆ కార్యక్రమం చేసిన మేలును కాదనలేం. 2000లో వచ్చిన నీరు-మీరు, తర్వాతి నీరు-చెట్టు కూడా అదే దారిలో నడిచాయి. కందకాలు, చెక్‌డ్యాములు, ఊటకుంటలు వేలల్లో పుట్టాయి.

చిక్కంతా ఆ 500 హెక్టార్ల గీతలో ఉంది. ఆ గీత లోపలి వారికి లాభం కనిపిస్తుంది, గీత అవతల కింది చెరువుకు చేరాల్సిన నీరు తగ్గడం కనిపించదు. అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం, కర్నూలు జిల్లా డోన్ మండలాల్లో 2000 దశకం మొదట్లో జరిగిన నీటి తనిఖీ ఈ సంగతిని అంకెలతో బయటపెట్టింది. చార్లెస్ బాచ్‌లర్, ఆయన సహ పరిశోధకులు 2003లో రాసిన వ్యాసం శీర్షికలోనే ఆ ప్రశ్న వేశారు: వాటర్‌షెడ్ అభివృద్ధి నీటి కొరతకు పరిష్కారమా, సమస్యలో భాగమా? పైన ప్రతి వంకనూ ఆపుకుంటూ పోతే, దాని చుట్టూ కొత్త బోర్లు పడితే, కింద వందల ఏళ్ళ చెరువు నిండడం మానేస్తుంది. పైవాళ్ళు చేసిందీ తప్పు కాదు, కిందివాళ్ళ ఏడుపూ అబద్ధం కాదు. ఇద్దరి లెక్కా ఒకే పుస్తకంలో రాసేవాళ్ళు లేకపోవడమే అసలు లోపం.

సంఘాల కొరత ఉందా అంటే అదీ లేదు. 1997లో చేసిన రైతుల సాగునీటి యాజమాన్య చట్టంతో ఉమ్మడి రాష్ట్రంలో 10 వేలకు పైగా నీటి సంఘాలు పుట్టాయి. ఆ ఏడు జూన్‌లో ఎన్నికలు జరిగినప్పుడు దేశమంతా ఇటు చూసింది. తర్వాత ఎన్నికలు ఏళ్ళ తరబడి ఆగడం, మళ్ళీ జరగడం చూశాం. ఈమధ్య 2024 డిసెంబర్‌లో జరిగాయి. ఆ చట్టంలో ఓటు ఆయకట్టు భూమి ఉన్నవాడిది. చెరువులో చేపలు పట్టేవారు, కట్ట కింద గుడ్డలు ఉతికే రజకులు, గొర్రెలకు నీళ్ళు తాపే కాపరులు, పేరు మీద పట్టా లేని ఆడవాళ్ళు, చెరువు నిండితే ఊరిన బోరుతో తోట పండించే ఆయకట్టు బయటి రైతు, వీళ్ళకు ఓటు లేదు. చేపల వేలం పాడుకున్నవాళ్ళు నీళ్ళు నిలవాలంటారు, కయ్యలున్నవాళ్ళు తూము ఎత్తాలంటారు. ఈ తగవు ప్రతి చెరువు కట్ట మీదా ఉంది. దాన్ని తీర్చే సభలో సగం మందికి కుర్చీ లేకపోతే తీర్పు కాగితం మీదే ఉంటుంది.

2002లో వచ్చిన వాల్టా చట్టం ఇంకా పెద్ద ఆశయంతో పుట్టింది. నీరు, నేల, చెట్టు మూడింటినీ ఒకే చట్టంలో చేర్చి, రాష్ట్రం నుంచి మండలం దాకా ప్రాధికార సంస్థలు పెట్టింది. తాగునీటి బావికి 250 మీటర్ల లోపు అనుమతి లేకుండా బావి తవ్వరాదంది. బోర్లు నమోదు చేయించాలంది. చదివితే ఇంతకు మించి ఏం కావాలి అనిపిస్తుంది. కానీ మండల స్థాయిలో ఆ చట్టం తహసీల్దారు నెత్తిన ఉన్న ఇరవై బరువుల్లో ఒకటి. రిగ్గు రాత్రికి వచ్చి తెల్లారేలోపు వెయ్యి అడుగులు దించి వెళ్ళిపోతుంది. 2004 నుంచి సాగుకు కరెంటు ఉచితం. రైతుకు అది ప్రాణాధారమని ఒప్పుకొని తీరాలి. అయితే కరెంటు ఎన్ని గంటలు ఇవ్వాలో తేల్చే చోటా, భూమిలో ఎన్ని నీళ్ళున్నాయో కొలిచే చోటా వేరువేరుగా ఉన్నంతకాలం బోరు ఎండాకే రైతుకు సంగతి తెలుస్తుంది.

ఈ చీకట్లో వెలుగు చూపిన ప్రయత్నం కూడా ఈ గడ్డ మీదే జరిగింది. ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ ద్వారా, నెదర్లాండ్స్ సాయంతో నడిచిన రైతు భూగర్భజల యాజమాన్య పథకం చిత్తూరుతో సహా ఏడు కరువు జిల్లాల్లో, 638 పల్లెల్లో 2009 దాకా సాగింది. అందులో చెక్‌డ్యాము కట్టలేదు, రాయితీ ఇవ్వలేదు, ఎవరినీ శిక్షించలేదు. రైతులకు కొలవడం నేర్పారు. ఊరి వానను ఊరివాళ్ళే కొలిచారు. పదిహేను రోజులకోసారి బావుల్లో మట్టం చూసి గోడ మీద రాశారు. రబీకి ముందు అందరూ కూర్చొని భూమిలో ఉన్న నీరు ఎంత, వేయాలనుకున్న పంటకు కావలసింది ఎంత అని బడ్జెట్ వేసుకున్నారు. లోటు కనపడగానే చాలామంది వరి మడి తగ్గించి ఆరుతడికి మళ్ళారు. ప్రపంచ బ్యాంకు 2010 నివేదికలో దీన్ని మెచ్చుకుంది. పథకం ముగిశాక మాత్రం కొలతలు చాలాచోట్ల తగ్గుముఖం పట్టాయని తర్వాతి అధ్యయనాలు చెప్పాయి. ఊరికి నేర్పిన లెక్కను పై స్థాయిలో అందుకునే ఖాతా పుస్తకం లేకపోవడం అందుకు ఒక ముఖ్య కారణమని ఈ వ్యాసం అభిప్రాయం. రైతు తన బావి మట్టం రాస్తాడు, సరే. ఆ అంకె విని డ్యాము గేటూ, ఇసుక రీచ్ అనుమతీ, లేఅవుట్ మంజూరూ మారాలి కదా. అది జరగలేదు.

ఇసుక మాట వచ్చింది కాబట్టి దాన్ని దాటిపోవడం తగదు. ఏటిలో ఇసుక మేట నీటిని పట్టుకునే దూది లాంటిది. అది పోతే వరద నిలవకుండా పోతుంది, ఒడ్డు బావులు అడుగంటుతాయి. భవనాలకు ఇసుక కావాలి, ట్రాక్టరు యజమానికి బతుకు కావాలి, పంచాయతీకి ఆదాయం కావాలి, రైతుకు ఊట కావాలి. 2017 ఏప్రిల్ 21న మునగలపాళెం రైతులు స్వర్ణముఖిలో అక్రమంగా ఇసుక తవ్వుతున్నారని మొరపెట్టుకోవడానికి ఏర్పేడు పోలీసు స్టేషన్‌కు వచ్చారు. స్టేషన్ ముందు గుమికూడిన జనం మీదికి అదుపు తప్పిన లారీ దూసుకొచ్చింది. కనీసం పదిహేను మంది చనిపోయారు. అది ప్రమాదమే. కానీ తమ ఏటి గురించి చెప్పుకోవడానికి ఆ రైతులకు పోలీసు స్టేషన్ తప్ప వేరే గడప లేకపోయింది. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా బాధ కలుగుతుంది.

చిత్తూరు వైపు వెళ్తే చిక్కు ఇంకా పెద్దది, ఎందుకంటే అక్కడి ఏర్లు రాష్ట్రం గీత దాటుతాయి. నీవా నది తమిళనాడులో పొన్నై పేరుతో పాలారులో కలుస్తుంది. పిచ్చాటూరు నుంచి ఆరణి, కార్వేటినగరం వైపు నుంచి కుశస్థలి అటే పోతాయి. కడప జిల్లా పోరుమామిళ్ళలో 1369 నాటి శాసనం మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను చెబుతుంది. రెండు రాజ్యాల ఎల్లల మధ్య ఉండడం ఆ దోషాల్లో ఒకటి. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడి కాలం నాటి మాట పాలారుకు ఇవాళ్టికీ వర్తిస్తుంది.

పాలారు కర్ణాటకలో 93 కిలోమీటర్లు, ఆంధ్రలో కుప్పం ప్రాంతంలో 33, తమిళనాడులో 222 కిలోమీటర్లు పారుతుంది. మద్రాసు, మైసూరుల మధ్య 1892లో కుదిరిన ఒప్పందంలో పాలారు పేరుంది. పైన కొత్త కట్టడాలకు కిందివారి సమ్మతి కావాలన్నది దాని సారం. అప్పటికి కుప్పం కూడా మద్రాసు లోనిదే! గణేశపురం ఆనకట్ట ప్రతిపాదన మీద 2006లో, చెక్‌డ్యాముల ఎత్తు మీద 2016లో తమిళనాడు సుప్రీంకోర్టు తలుపు తట్టింది. ఏటా వాన చాలని కుప్పం రైతు తన పొలం పక్క వంకలో నీళ్ళు ఆపుకోవడం తప్పా? ఎండిన ఏటి ఒడ్డున బతికే వాణియంబాడి రైతు అడగడం తప్పా? రెండు ప్రభుత్వాలూ న్యాయవాదుల నోట మాట్లాడుకుంటాయి. వర్షం, ప్రవాహం అంకెలు ఇద్దరూ కలిసి కొలిచిన పుస్తకం లేదు. ఇలాంటి నదుల కోసమే 1956లో నదీ బోర్డుల చట్టం చేశారు. ఆ చట్టం కింద ఇప్పటిదాకా ఒక్క బోర్డు కూడా ఏర్పడలేదు. దిగువన ఆంబూరు, వాణియంబాడి తోళ్ళ పరిశ్రమల కాలుష్యం మీద 1996లో సుప్రీంకోర్టు ఇచ్చిన ప్రసిద్ధ తీర్పు తర్వాత కూడా, 2025 జనవరిలో అదే పాలారు గురించి కోర్టు మళ్ళీ ఆదేశాలు ఇవ్వాల్సి వచ్చింది.

రాష్ట్రం లోపలే ఉన్న ఏటికి ఈ గతి పట్టదని ధీమా పడటానికి లేదు. 2021 నవంబర్ 19 తెల్లవారుజామున చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. పైనున్న పింఛా ప్రాజెక్టు కట్ట తెగి వచ్చిన వరద, మదనపల్లె వైపు కొండల నుంచి బాహుదాలో వచ్చిన వరద కలిసి దాని మీద పడ్డాయి. అన్నమయ్య ప్రాజెక్టుకున్న అయిదు గేట్లలో ఒకటి అప్పటికే పనిచేయడం లేదు. రాజంపేట దగ్గర పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట పల్లెల్లో ప్రాణాలు పోయాయి. పై జలాశయంలో ఎంత నీరుంది, ఎప్పుడు వదులుతారు అన్న కబురు కింది పల్లెకు సమయానికి అందితే ఎంతమంది బతికేవారో ఆలోచించాలి. దానికి కోట్లు ఖర్చు కాదు. పరివాహకం మొత్తాన్నీ రాత్రింబవళ్ళు ఒకే చోట చూసే మనిషి ఒకరు ఉంటే చాలు.

మరొక మాట కూడా చెప్పుకోవాలి. బయటి నీళ్ళు వస్తున్నాయి కాబట్టి సొంత ఏటి బెంగ తీరిందన్న భావన పెరుగుతోంది. 1983 ఒప్పందంతో చెన్నై కోసం మొదలైన తెలుగు గంగ తిరుపతికి కూడా తాగునీరు ఇస్తోంది. కర్నూలు హంద్రినీ చిత్తూరు నీవానూ పేరులో కలుపుకున్న హంద్రీ-నీవా కాలువతో 2025 ఆగస్టులో కృష్ణమ్మ కుప్పం దాకా వచ్చింది. తరతరాల కల అది, సంతోషించాల్సిందే. అయితే ఆ నీళ్ళు వందల కిలోమీటర్లు ఎత్తిపోసి తెచ్చినవి. శ్రీశైలం నిండిన ఏడు వస్తాయి, నిండని ఏడు అందరికంటే చివరనున్న మనకు ఆఖరున వస్తాయి. తెచ్చిన నీటిని నింపుకోవాల్సింది కూడా ఇక్కడి చెరువుల్లోనే, ఇక్కడి కాలువల ద్వారానే. గొలుసు తెగి ఉంటే కృష్ణా నీళ్ళయినా కట్ట దాకా రావు.

అందువల్ల స్వర్ణముఖికి కావలసింది మరో పథకం పేరు కాదు, లెక్క రాసే ఒక సభ. అందులో అటవీశాఖ, టీటీడీ, జలవనరులు, భూగర్భజలం, గనులు, విద్యుత్, కార్పొరేషన్, తుడా ఉండాలి. వాళ్ళకు ఎదురుగా పాకాల నుంచి నాయుడుపేట దిగువ దాకా ఉన్న నీటి సంఘాలు, పంచాయతీలు, చేపల సొసైటీలు, పట్టా లేని ఆడవాళ్ళు, కాపరులు ఓటు హక్కుతో కూర్చోవాలి. స్పెయిన్‌లోని వలెన్సియాలో కాలువల రైతులు ఎన్నుకున్న జల న్యాయస్థానం వందల ఏళ్ళుగా ప్రతి గురువారం మధ్యాహ్నం కెథీడ్రల్ గుమ్మం ముందు బహిరంగంగా కూర్చుంటుంది. వాదన నోటిమాటగా సాగుతుంది, తీర్పు అక్కడికక్కడే వస్తుంది. మన దగ్గర ఆ సభకు గుడి గుమ్మాలకు కొదవ లేదు. వాల్టా చట్టం కింద కలెక్టర్ నాయకత్వంలో ఉండాల్సిన జిల్లా ప్రాధికార సంస్థనే ఏటి పరివాహకానికి తగ్గట్టు తీర్చిదిద్దవచ్చు. కొత్త చట్టం కోసం ఆగనక్కర్లేదు.

మొదటి అడుగు టీటీడీ వేయడం సబబు. ఈ లోయలో అందరికంటే పైన నీటిని పట్టుకునేది అదే. ఆర్థిక బలం కూడా దానికే ఎక్కువ. ఒకప్పుడు ముడుపు సొమ్ముతో చెరువులు తవ్వించిన వారసత్వమూ దానిదే. తిరుమల జలాశయాల మట్టాలు, కల్యాణి మట్టం, నగరం వాడుకున్న నీరు, శుద్ధి చేసి వదిలిన మురుగు, ఏటిలోంచి పోయిన ఇసుక, ఊరి బావుల లోతు, ఈ అంకెలు వారం వారం ప్రతి పంచాయతీ గోడ మీదా కనిపించాలి. జిల్లా యంత్రాంగానికీ దేవస్థానానికీ ఒకటే విన్నపం. ఈశాన్య రుతుపవనాలు రాకముందే, సెప్టెంబర్‌లోగా ఆ సభ మొదటిసారి కూర్చోవాలి. తొలి వరసలో శ్రీకాళహస్తి దిగువ పల్లెల రైతుకు, మునగలపాళెం ఆడపడుచుకు కుర్చీ వేయండి.